ఎవరిని చూసి నవ్వుతున్నాం? - మన బందరు సుత్తివేలు గారి కథ

మన కృష్ణా జిల్లా నుంచి సినిమాల్లోకి వెళ్ళినవాళ్ళ పేర్లు చెప్పమంటే ఆరో తరగతి పిల్లవాడు కూడా గడగడా చెప్పేస్తాడు. నిమ్మకూరు ఎన్.టి. రామారావు గారు, గుడివాడ దగ్గర రామాపురం అక్కినేని నాగేశ్వరరావు గారు, కౌతవరం కైకాల సత్యనారాయణ గారు. తెలుగు సినిమాకి పితామహుడనే రఘుపతి వెంకయ్య నాయుడు గారిదీ బందరే. కానీ ఈ జాబితాలో ఒక పేరు ఎప్పుడూ ఎగిరిపోతుంది. ఎందుకంటే ఆయన హీరో కాదు, విలనూ కాదు. హీరో పక్కన నిలబడి, చీవాట్లు తిని, ఏడుపు మొహం పెట్టి మనల్ని నవ్వించినాయన. ఆయనే సుత్తివేలు గారు. మన టీవీ గదిలో పాత సినిమా వచ్చినప్పుడల్లా ఆయన్ని చూస్తూనే ఉంటాం.

ఆయన అసలు పేరు కురుమద్దాలి లక్ష్మీనరసింహారావు. 1947 ఆగస్టు 7న బందరు దగ్గర భోగిరెడ్డిపల్లిలో పుట్టారు. తండ్రి బడిపంతులు. పిల్లవాడు మరీ సన్నగా ఉండేసరికి ఇరుగుపొరుగు వాళ్ళు 'వేలు' అని పిలవడం మొదలుపెట్టారట. చేతి వేలులా ఉన్నాడని! మన డార్మిటరీలో కూడా ఇలాంటి పేర్లు పెట్టడంలో ఎవరూ తక్కువ తినలేదు లెండి. చిన్నప్పటి నుంచీ నాటకాలంటే ప్రాణం, ఇంట్లో మాత్రం అది నచ్చేది కాదు. పెద్దయ్యాక విశాఖపట్నం నేవల్ డాక్‌యార్డులో ఉద్యోగం వచ్చింది. పగలు డ్యూటీ, సాయంత్రం రిహార్సలు. అలా చాలా ఏళ్ళు నడిచింది.

దర్శకుడు జంధ్యాల గారు కూడా నాటకాలు రాసుకుంటూ వచ్చిన మనిషే. ఆయన తీసిన 'ముద్దమందారం' 1981లో వచ్చింది. అందులో వేలు గారికి చిన్న వేషం దొరికింది. 1982లో 'నాలుగు స్తంభాలాట' వచ్చింది. దాంతో ఆయన దశ తిరిగింది. అందులో వీరభద్రరావు గారిది ఆపకుండా కబుర్లు చెప్పి ప్రాణం తీసే వేషం, వేలు గారిది ఆ కబుర్లు విని నలిగిపోయే వేషం. సుత్తి అంటే కమ్మరి కొలిమిలో ఇనుము కొట్టేది కదా. ఎదుటివాడి బుర్ర మీద మాటలతో అలా కొట్టడాన్ని 'సుత్తి కొట్టడం' అన్నారు. ఆ సినిమాతో ఆ మాట ఊరూరా పాకింది. ఇద్దరి పేర్ల ముందూ 'సుత్తి' అతుక్కుపోయింది. ఒకాయన సుత్తి వీరభద్రరావు, ఒకాయన సుత్తివేలు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మాట్లాడేవాడు నవ్విస్తాడని మనం అనుకుంటాం. కానీ ఆ జంటలో సగం నవ్వు వినేవాడి దగ్గర పుడుతుంది. వీరభద్రరావు గారు విజయవాడ రేడియోలో పనిచేసిన మనిషి, భారీ ఆకారం, గంభీరమైన గొంతు. ఆయన మాటలు పడుతున్నకొద్దీ ఎదురుగా వేలు గారి మొహం చూడండి. ముందు మర్యాద, తరవాత అనుమానం, ఆ తరవాత భయం, చివరికి దండం పెట్టేసే స్థితి. సన్నటి ఒళ్ళు, సన్నటి గొంతు, ఏడుపు వచ్చీ రానట్టుండే మాట. అంతకు ముందు రేలంగి, రమణారెడ్డి గార్ల జంటలో కూడా ఒకరు లావు, ఒకరు సన్నం. ఆ దారి పాతదే, సుత్తి జంట దానికి మాటల వరస చేర్చింది.

ఇప్పుడు మిమ్మల్ని కాసేపు అమెరికా తీసుకుపోతాను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

వేలు గారికంటే నలభై ఏళ్ళ ముందు అక్కడ మాంటన్ మోర్లాండ్ అనే నల్లజాతి హాస్యనటుడు ఉండేవాడు. 1902లో లూసియానా రాష్ట్రంలో మన్రో అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నతనంలోనే ఇల్లు వదిలి సర్కసుల వెంట, ఊరూరా తిరిగే ఆటల వెంట పోయాడు. పెద్ద పెద్ద కళ్ళు. భయపడినప్పుడు ఆ కళ్ళు ఇంకా పెద్దవి చేసి తిప్పేవాడు. బెన్ కార్టర్ అనే ఇంకో నటుడితో కలిసి ఒక ఆట ఆడేవాడు. అందులో ఎవరూ మాట పూర్తి చేయరు. ఒకడు సగం అనగానే రెండోవాడికి అర్థమైపోయి జవాబు సగం చెబుతాడు. మన భాషలో అయితే ఇలా ఉంటుంది:

"ఏరా, నిన్న మీ ఇంటి నుంచి..."
"ఎవరూ రాలేదు. మా అమ్మకి..."
"అయ్యో, తగ్గిందా? మరి మందులు..."
"బందరు వెళ్ళి తెచ్చారు. అన్నీ కలిపి నూట..."
"అంతా! మొన్న మాకు ఎనభై..."
"అది వేరే షాపులే. ఆయన దగ్గర..."
"ఔనౌను, ఆ సంగతి తెలుసు!"

చూశారా! సుత్తి జంటలో ఒకడి మాటకి అంతే ఉండదు, ఈ జంటలో ఎవరి మాటా పూర్తవదు. రెండిటికీ గొప్ప సాధన కావాలి. క్షణం ముందు అందుకున్నా, క్షణం ఆలస్యమైనా నవ్వు రాదు.

అంత నేర్పున్న మోర్లాండ్‌కి హాలీవుడ్‌లో ఏ వేషాలు దొరికాయి? రైల్లో సామాన్లు మోసేవాడు, ఇంట్లో నౌకరు, కారు డ్రైవరు. చార్లీ చాన్ అనే చైనా డిటెక్టివ్ సినిమాల్లో 1944 నుంచి 1949 వరకు బర్మింగ్‌హామ్ బ్రౌన్ అనే డ్రైవరుగా వేశాడు. శవాన్ని చూస్తే భయం, చీకటంటే భయం, దయ్యమంటే పరుగు. (ఇంకో విచిత్రం, ఆ చైనా డిటెక్టివ్‌గా వేసింది తెల్లవాడు. చైనా వేషం కూడా చైనావాళ్ళకి దక్కలేదు.) అదే మోర్లాండ్, నల్లవాళ్ళ కోసం విడిగా తీసిన సినిమాల్లో హీరో అంతటివాడు. అప్పుడు అమెరికాలో చాలా చోట్ల నల్లవాళ్ళు తెల్లవాళ్ళ పక్కన కూర్చుని సినిమా చూడడానికి లేదు. అందుకే వాళ్ళ హాళ్ళు వేరు, వాళ్ళ సినిమాలు వేరు. ఆ పోస్టర్ల మీద ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉండేది.

ఆయనకంటే ముందే స్టెపిన్ ఫెచిట్ అనే పేరుతో లింకన్ పెర్రీ అనే నటుడు ఉన్నాడు. 'ప్రపంచంలోకెల్లా సోమరిపోతు' అన్నది ఆయన వేషం. కాళ్ళీడుస్తూ నడవడం, నత్తినత్తిగా మాట్లాడడం. నిజానికి ఆ పెర్రీ షికాగో నుంచి వచ్చే నల్లవాళ్ళ పత్రికకి వ్యాసాలు రాసిన మనిషి! సోమరితనం వేషంలోనే గాని మనిషిలో లేదు. కానీ హాల్లో కూర్చున్న తెల్లవాళ్ళకి అది వేషంలా కనిపించలేదు. "వీళ్ళంతా ఇంతే" అనుకున్నారు.

నా అభిప్రాయంలో అసలు తేడా ఇదే. మన వేలు గారు తెర మీద పిరికివాడిగా వేస్తే బందరు వాళ్ళంతా పిరికివాళ్ళని ఎవరూ అనుకోలేదు. నవ్వు ఆ ఒక్క పాత్ర దగ్గర ఆగింది. మోర్లాండ్ కళ్ళు తిప్పితే ఆ నవ్వు ఆయన దగ్గర ఆగలేదు, ఒక జాతి మొత్తం మీద పడింది. నల్లవాళ్ళు అంతకు మించి ఇంకో రకంగా తెర మీద కనిపించకపోవడమే దానికి కారణం. డాక్టరుగా ఒకడు, పంతులుగా ఒకడు, పిరికివాడుగా ఒకడు కనిపిస్తే చూసేవాడు తేడా తెలుసుకుంటాడు. ఉన్నదంతా నౌకరే అయితే?

నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడే ఎన్.ఎ.ఎ.సి.పి. సంఘం నాయకుడు వాల్టర్ వైట్ 1942లో హాలీవుడ్ వెళ్ళి, ఈ వేషాలు మార్చండి అని స్టూడియోల వాళ్ళని అడిగాడు. న్యాయమైన మాటే. కానీ యుద్ధం అయ్యాక నిర్మాతలు చేసిందేమిటి? పాత వేషాలు తగ్గించారు, కొత్త వేషాలు మాత్రం అంతగా రాయలేదు. మోర్లాండ్ లాంటివాళ్ళకి చేతిలో పని పోయింది. తప్పు వేషం రాసినవాడిది, పస్తు వేసినవాడిది. ఈ ముక్క దగ్గర నాకు చాలా బాధేసింది.

మళ్ళీ మన వేలు గారి దగ్గరికి వద్దాం. ఆయన్ని కూడా నవ్వుల వేషంలోనే ఉంచేయొచ్చు. కానీ దర్శకుడు టి. కృష్ణ గారు అలా ఉంచలేదు. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో ఆయనకి మతిపోయి వీధుల్లో తిరిగే ఒక మాజీ కానిస్టేబుల్ వేషం ఇచ్చారు. గూండాల దౌర్జన్యానికి బలైపోయిన నిజాయితీపరుడు. అదే సన్నటి ఒళ్ళు, అదే ఏడుపు గొంతు. ముందు అలవాటుకొద్దీ నవ్వబోతాం, కాసేపటికి నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. ఈ సినిమాని హిందీలో 'ప్రతిఘాత్' పేరుతో 1987లో తీసినప్పుడు ఆ వేషం నానా పటేకర్ గారు వేశారు. అది ఎంత బరువైన వేషమో దీన్ని బట్టి తెలుస్తుంది. టి. కృష్ణ గారి 'వందేమాతరం', 'దేవాలయం'లో కూడా వేలు గారు నటించారు. పాపం టి. కృష్ణ గారు 1986లోనే చిన్న వయసులో పోయారు. వీరభద్రరావు గారు 1988లో పోవడంతో సుత్తి జంట విడిపోయింది. వేలు గారు రెండు వందలకు పైగా సినిమాల్లో వేసి 2012 సెప్టెంబరు 16న చెన్నైలో గుండెపోటుతో కన్నుమూశారు.

మోర్లాండ్‌కి కూడా అలాంటి అవకాశం ఒక్కసారి వచ్చింది. సినిమాలో కాదు, నాటకంలో. 1957లో న్యూయార్క్‌లో 'వెయిటింగ్ ఫర్ గోడో' అనే నాటకాన్ని మొత్తం నల్లజాతి నటులతో వేశారు. ఇద్దరు దేశదిమ్మరులు చెట్టు కింద ఎవరి కోసమో ఎదురుచూసే కథ అది. అందులో ఒకడు మోర్లాండ్. మాటకి మాట అందించే ఆయన విద్యకి సరిగ్గా సరిపోయిన పాత్ర. ఆ నాటకం వారం కూడా ఆడలేదు. ఆయన 1973లో చనిపోయాడు.

ఇదంతా ఎందుకు రాశానంటే, మన తెలుగు సినిమాల్లో కూడా మనలాంటివాళ్ళకి ఒక వేషం ఉంది. మీకు తెలుసు. ఈకల టోపీ, పూసల దండలు, "అంబ పలుకుతోంది" అంటూ వంకర తెలుగు మాట్లాడే కోయదొర. లేకపోతే ఆకులు కట్టుకుని, మూతికి రంగు పూసుకుని, అర్థంలేని కూతలు కూస్తూ హీరోని చెట్టుకి కట్టేసే అడవి మనుషులు. మన బళ్ళో యానాదుల పిల్లలున్నారు, ఎరుకల పిల్లలున్నారు, లంబాడీ పిల్లలున్నారు. అలా మాట్లాడేవాడు ఒక్కడు ఉంటే చూపించండి! నాగాయలంక నుంచి వచ్చినవాళ్ళు పోటు, పాటు చూసి పడవ ఎప్పుడు కదలాలో చెప్పగలరు, సినిమాలో అలాంటివాడు మాత్రం ఎప్పుడూ రాడు. అయినా ఆ కోయదొర రాగానే టీవీ గదిలో అందరికంటే గట్టిగా నవ్వేది మనమే.

ఈ ఏడు వార్షికోత్సవానికి పదో తరగతి అన్నలు స్కిట్ రాస్తున్నారు. అందులో కోయదొర వేషం ఉందని విన్నాను. వేషం తీసేయమని నేను అడగను, మోర్లాండ్ సంగతి చదివాక అస్సలు అడగను. నవ్వించే డైలాగులు ఆయనకే ఎక్కువ ఇవ్వండి, కానీ మామూలు మన మాటలో ఇవ్వండి. సుత్తి కొట్టేది పట్నం నుంచి వచ్చిన బాబు గారు, దొరికిపోయి వినేది కోయదొర అయితే ఎలా ఉంటుందో ఒకసారి రిహార్సల్లో చూడండి. వినేవాడి వేషానికి మన ఎనిమిదో తరగతిలో ఒక సన్నటి కుర్రాడు ఉన్నాడు. పేరు రాయను, మీకందరికీ తెలుసు.