రహస్యాల తాళంచెవి – మద్యపానం

“అసలే కోతి, ఆపైన కల్లు తాగింది” అంటారు మన పెద్దలు. కోతి చేష్టలైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. దేశరక్షణ రహస్యాలు చేతిలో ఉన్న మనిషి తాగితే? అమెరికా ప్రభుత్వం ఈ ప్రశ్నకు ఎలా జవాబు చెప్పుకుందో చూద్దాం.

అక్కడ రక్షణ, గూఢచారి శాఖల్లో రహస్య పత్రాలు ముట్టుకోవాలంటే ‘సెక్యూరిటీ క్లియరెన్స్’ ఉండాలి. కాన్ఫిడెన్షియల్, సీక్రెట్, టాప్ సీక్రెట్ అని మూడు అంతస్తులు. మామూలుగా ఆ దేశ పౌరులకే ఇస్తారు. అక్కడి పౌరసత్వం పొంది రక్షణ సంస్థల్లో చేరే మన తెలుగువాళ్లకూ ఈ పరీక్ష తప్పదు.

మద్యం సంగతి వాళ్లకెందుకు? సైన్సు విద్యార్థులం కాబట్టి మనకు తెలుసు: ఆల్కహాలు మెదడు ముందుభాగాన్ని మందగింపజేస్తుంది. మంచీచెడూ తూచేదీ, నోటిని అదుపులో పెట్టేదీ ఆ భాగమే. సి.ఐ.ఏ. అధికారి ఆల్‌డ్రిచ్ ఏమ్స్ 1985 నుంచి 1994లో పట్టుబడేదాకా రష్యన్లకు రహస్యాలు అమ్మాడు. అతను అతిగా తాగుతాడని పై అధికారులకు తెలియక కాదు, పట్టించుకోలేదు. తాగుడే అతణ్ణి ద్రోహిని చేసిందనలేం, అతను డబ్బుకు ఆశపడ్డాడు. కాని ఆ తాగుడు ఒక హెచ్చరిక.

2017 జూన్ 8 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో 13 అంశాలున్నాయి. అందులో ఏడవది మద్యపానం. తాగినవాడల్లా అనర్హుడని అందులో లేదు. తాగి కారు నడపడం, కొట్లాటలు, ఇంట్లోవాళ్లను హింసించడం, తాగి డ్యూటీకి రావడం, అదుపులేకుండా తాగడం, డాక్టరు జబ్బని తేల్చాక చికిత్స మానేయడం – ఇవీ అభ్యంతరాలు.

ఈగన్ అనే ఆయన వాషింగ్టన్ రాష్ట్రంలోని ట్రైడెంట్ జలాంతర్గాముల మరమ్మతు కేంద్రంలో కూలీ. పాత నేరాలు, కొన్నిటిని దాచిపెట్టడం, గతంలో తాగుడు సమస్య – ఇవన్నీ చూసి నౌకాదళం క్లియరెన్స్ నిరాకరించింది. ఉద్యోగం పోయింది. 1988లో సుప్రీంకోర్టు, క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని తేల్చింది. అనుమానం మిగిలితే మొగ్గు దేశం వైపే.

అయితే తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. సమస్య ఉందని ఒప్పుకుని, చికిత్స పూర్తిచేసి, మానేశానని లేదా తగ్గించానని కొంతకాలం నడతతో రుజువు చేస్తే అది అనుకూలంగా లెక్కకొస్తుంది. మనిషి జీవితమంతా కలిపి తూస్తారు. 2016 నాటి ఎస్.ఎఫ్. 86 దరఖాస్తులో 24వ విభాగం, గడిచిన 7 ఏళ్లలో మద్యం వల్ల ఉద్యోగం, సంసారం, డబ్బు దెబ్బతిన్నాయా అని అడుగుతుంది. చికిత్స గురించీ అడుగుతుంది. అక్కడ కావాలని అబద్ధం రాస్తే అది వేరే అభ్యంతరం, పైగా నేరం.

మాది వ్యవసాయ కుటుంబం. మా నాన్నగారు ఏ నిబంధనలూ చదవలేదు. అయినా తాగే మనిషికి ధాన్యం కొట్టు తాళం ఇవ్వరు. తాగుడు మాని రెండు పంటలు నిలకడగా పనిచేసిన మనిషికి ఇస్తారు. వాషింగ్టన్‌లో పెద్ద చదువుల వాళ్లు రాసుకున్నదీ ఇంచుమించు ఇదే.

కాని మా ఊళ్లో నేను చూసింది ఇంకొకటుంది. డాక్టరు దగ్గరికి వెళితే పేరు పోతుందని వెళ్లరు. పేరు నిలబడుతుందనుకుంటారు గాని మనిషే దక్కకుండా పోతాడు. అమెరికాలోనూ ఉద్యోగం పోతుందన్న భయంతో చికిత్సకు జంకేవాళ్లున్నారు. నిబంధన మాత్రం చికిత్సను మచ్చగా కాక, మార్పుకు సాక్ష్యంగా చూస్తోంది.

మిత్రులారా, మనలో చాలామందికి అలాంటి క్లియరెన్స్ అవసరం రాకపోవచ్చు. కాని నమ్మకం అవసరం లేని ఉద్యోగం ఏదీ లేదు. హాస్టల్లో మీ పక్క గదిలో ఎవరైనా ఈ ఊబిలో దిగుతుంటే, గుట్టు కాపాడుతున్నామనుకుని ఊరుకోకండి. వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.