మందుగా వచ్చిన వైరస్‌ను మన కణాలు ఏం చేస్తాయి?

వాగైనా, కాలువైనా, పొలం మట్టైనా, బాక్టీరియా ఉన్నచోటల్లా బాక్టీరియోఫేజ్‌లూ ఉంటాయి. ఇవి బాక్టీరియాకు మాత్రమే సోకే వైరస్‌లు. 1917లో వీటికి ఆ పేరు పెట్టిన ఫెలిక్స్ డెరెల్, కలరాపై ప్రయోగించి చూడటానికి 1927లో మన దేశానికీ వచ్చాడు.

ఫేజ్ మన కణాలకు సోకదు, సరే. మరి మన రక్షక కణాలు దాని జోలికి పోకుండా ఉంటాయా?

ఉండవు! రక్తంలోకి ఎక్కించిన ఫేజ్‌లలో చాలావాటిని కాలేయంలో, ప్లీహంలో ఉండే మాక్రోఫేజ్‌ కణాలు పట్టి మింగేస్తాయి. వచ్చింది మందా, శత్రువా అన్న విచారణ వాటికి లేదు. అందుకే 1996లో కార్ల్ మెరిల్ బృందం ఎలుకల రక్తంలో ఎక్కువసేపు నిలిచిన ఫేజ్‌లను ఏరి, పెంచి, మళ్లీ ఎక్కించింది. అవి మరింత సేపు తప్పించుకు తిరిగాయి.

అసలు విశేషం 2017లో బయటపడింది. సూడోమొనాస్ బాక్టీరియాతో ఊపిరితిత్తులు జబ్బుపడ్డ ఎలుకలకు ఫేజ్‌లు ఇచ్చారు. న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు ఉన్నవి కోలుకున్నాయి. అవి లేనివాటిలో చికిత్స ఫలించలేదు.

ఎందుకలా? ఫేజ్ దాడిలో బాక్టీరియా గుంపు పలచబడుతుంది. కానీ కొన్ని ఫేజ్‌కు లొంగకుండా మారిపోతాయి. ఆ మొండివాటిని మింగే పని న్యూట్రోఫిల్స్‌ది. మాక్రోఫేజ్‌లు ఫేజ్‌లను మింగేస్తే, న్యూట్రోఫిల్స్ వాటికి తోడు నిలిచాయన్నమాట!

కాబట్టి తెల్లరక్తకణాలు బాగా తగ్గిపోయిన రోగికి ఫేజ్ మందు ఒక్కటే చాలకపోవచ్చు.