కణితికి నెత్తురు అందకుండా చేస్తే?

"కేన్సరు కణితిని పస్తుపెట్టి చంపే ఇంజెక్షను వచ్చిందటగా డాక్టరుగారూ!" అని రోగుల బంధువులు అడుగుతూంటారు. ఈ మాటలో నిజం కొంత, ఆశ కొంత ఉన్నాయి.

ఏ కణం బతకాలన్నా ప్రాణవాయువూ, ఆహారమూ రక్తం ద్వారానే అందాలి. కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు, అంటే ఆవగింజంత, ఉన్నంతకాలం చుట్టుపక్కల నుంచి ఊరివచ్చేదానితో సరిపెట్టుకుంటుంది. అంతకు మించి పెరగాలంటే దానికి సొంత రక్తనాళాలు కావాలి. 1971లో అమెరికన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ ఈ సంగతి చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు.

మరి ఆ నాళాలు ఎక్కడినుంచి వస్తాయి? ప్రాణవాయువు చాలని కణాలు వి.ఇ.జి.ఎఫ్. అనే మాంసకృత్తును విడుదల చేస్తాయి. అది పక్కనున్న రక్తనాళం లోపలి పొరను రెచ్చగొట్టి కొత్త కొమ్మలు వేయిస్తుంది. 1989లో ఫెరారా అనే శాస్త్రజ్ఞుడి బృందం దీన్ని వేరుచేసి చూపింది. ఇది స్వతహాగా చెడ్డది కాదు సుమండీ! గర్భంలో పిండం ఎదగాలన్నా, గాయం మానాలన్నా ఇది ఉండవలసిందే. మన పెరట్లోని నిచ్చెననే దొంగ వాడుకున్నట్టు, కణితి దీన్ని వాడుకుంటుంది.

ఈ మాంసకృత్తును పట్టి బంధించే మందు బెవాసిజుమాబ్. ముదిరిన పెద్దపేగు కేన్సరుకు 2004లో అమెరికాలో అనుమతి పొందింది. అప్పటి పరీక్షలో మామూలు కేన్సరు మందులు మాత్రమే తీసుకున్నవారిలో సగంమంది 15.6 నెలలు దాటి జీవించగా, దీన్ని కూడా కలిపి ఇచ్చినవారిలో సగంమంది 20.3 నెలలు దాటి జీవించారు. తేడా అయిదు నెలలకు కాస్త తక్కువ. కొన్నాళ్ళకు కణితి వేరే దారి వెతుక్కుంటుంది మరి. రొమ్ము కేన్సరుకు ఇచ్చిన అనుమతిని, ఆయుర్దాయం పెరిగినట్టు రుజువు కాలేదని, 2011లో అక్కడి ప్రభుత్వమే రద్దుచేసింది. పొలం తాకట్టు పెట్టేముందు "మా రోగికి దీనివల్ల ఎంత మేలు?" అని డాక్టరుగారిని నిర్మొహమాటంగా అడగండి. అడగడం తప్పు కాదు.

ఈ మందుతో రక్తపోటు పెరగవచ్చు, మూత్రంలో మాంసకృత్తులు పోవచ్చు, ముక్కునుంచి రక్తం కారవచ్చు. గాయాలు త్వరగా మానవు. అందుకే పెద్ద ఆపరేషనుకు ముందూ, తర్వాతా కనీసం 28 రోజులు దీన్ని ఇవ్వరు. పన్ను పీకించుకోవాలన్నా ముందుగా కేన్సరు డాక్టరుకు చెప్పాలి. అరుదుగా పేగుకు చిల్లు పడుతుంది. మందు వాడుతున్న మనిషికి ఉన్నట్టుండి భరించలేని కడుపునొప్పి వస్తే, "గ్యాసులే" అని సోడా తాగించి పడుకోబెట్టకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.