మూత్రమార్గ సంకోచం: కషాయంతో తగ్గేది కాదు

మూత్రధార దారంలా సన్నబడుతుంది. ముక్కవలసి వస్తుంది. వచ్చాక కూడా ఇంకా మిగిలి ఉన్నట్లే తోస్తుంది. ‘వేడి చేసింది’ అనుకుని బార్లీ నీళ్ళు, పల్లేరు కషాయం సేవిస్తూ నెలలు గడిపే పురుషులు అనేకులు. వయసు మీరినవారైతే ప్రోస్టేట్ అని సరిపెట్టుకుంటారు. కొందరిలో అసలు కారణం వేరు. దెబ్బ తగిలినందువల్లనో, కేథటర్ గొట్టం ఒరిపిడివల్లనో, గనేరియావల్లనో మూత్రమార్గపు లోపలి పొర గాయపడి, మానిన చోట మచ్చ గట్టిపడి దారి ఇరుకవుతుంది. ఆ మచ్చను ఏ కషాయమూ కరిగించలేదు. గృహవైద్యాన్ని అభిమానించే మనమే ఈ మాట చెప్పుకోవాలి.

ముందోలు బిగిసి మూత్రం అడ్డగింపబడే ‘నిరుద్ధప్రకశ’ వ్యాధికి సుశ్రుతుడు నేయి పూసిన గొట్టాన్ని ప్రవేశపెట్టి, మూడేసి రోజులకు మరింత లావైనదానిని వాడమన్నాడు. నేటి ‘డైలేషన్’ సూత్రమూ అదే: క్రమంగా వెడల్పు చేయడం. చిన్న దుర్భిణిని లోపలికి పంపి, మచ్చను చూస్తూ కోయడం యురెత్రోటమీ. రెండూ సులభమే. రోగి త్వరగా ఇల్లు చేరతాడు. అయితే కోసిన చోట మళ్ళీ మచ్చే ఏర్పడవచ్చు. వృషణాల వెనుక ఉండే ‘బల్బార్’ భాగంలో, రెండు సెంటీమీటర్లలోపు సంకోచానికి మొదటిసారి ఈ పద్ధతి సమంజసం. తిరగబెట్టిన తర్వాత పదేపదే కోయించుకుంటే ఫలితం ప్రతిసారీ తగ్గిపోతుంది.

అప్పుడు ఆలోచించవలసింది యురెత్రోప్లాస్టీ. మచ్చ పొట్టిదైతే దానిని తొలగించి రెండు కొనలనూ కలిపి కుడతారు. పొడవైనదైతే బుగ్గ లోపలి పొరను తీసి అతుకుతారు. ఎప్పుడూ తడిగా ఉండి, వెంట్రుకలు లేని ఆ పొర ఈ పనికి చక్కగా ఒదుగుతుంది. శస్త్రచికిత్స పెద్దది, అనుభవజ్ఞుడైన యూరాలజిస్టు అవసరం.

తిరగబెట్టిన బల్బార్ సంకోచంపై బ్రిటన్‌లో జరిపిన పరిశోధన ఫలితాలు 2020లో వెలువడ్డాయి. రెండేళ్ళలో బాధల ఉపశమనం రెండు పద్ధతులలోనూ ఇంచుమించు సమానమే. మళ్ళీ చికిత్స చేయించుకోవలసిన అవసరం మాత్రం యురెత్రోప్లాస్టీ వర్గంలో దాదాపు సగమే. కనుక, సెలవు దొరకని ఉద్యోగి మరొకసారి యురెత్రోటమీ ఎంచుకుంటే అది అవివేకమనలేము, తిరగబెట్టే అవకాశం తెలిసి ఉంటే చాలు.

మచ్చ ఎక్కడుంది, ఎంత పొడవు అన్నది మూత్రమార్గంలోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఆ చిత్రం చూడకుండా ఏ పద్ధతికీ ఒప్పుకోవద్దు. మూత్రం పూర్తిగా బంధించినా, చలిజ్వరం వచ్చినా నీళ్ళు తాగుతూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇక జర్దా, గుట్కా నమిలేవారి బుగ్గ పొర బిరుసెక్కి అతుకుకు పనికిరాకపోవచ్చు. ఆ అలవాటు ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి.