గల్ఫ్ ఏజెంటుకి గొలుసు ఇచ్చేముందు...

మొన్న వేసవిలో మా వీధి చివరింటి వదిన మధ్యాహ్నంపూట మా ఇంటికొచ్చింది. మెడలో ఉండాల్సిన గొలుసు కొంగులో మూటకట్టి ఉంది. "దీన్ని తాకట్టు పెట్టాలి, అన్నయ్యగారిని కాస్త తోడు పంపించు" అంది. కౌలు అప్పు తీర్చడానికి కువైట్‌లో ఇంటిపనికి వెళ్తుందట. ఒకాయన వీసా తెప్పిస్తానన్నాడట. ముందు యాభై వేలు, విమానం ఎక్కేరోజు ఇంకో యాభై వేలు.

"రసీదు ఇస్తాడా?" అన్నాను.

"నమ్మకం ఉంటే రసీదు ఎందుకమ్మా అన్నాడు" అంది.

మన విస్సన్నపేట వైపు మామిడితోట ఉన్న ప్రతి ఇంట్లోనూ దళారి సంగతి తెలుసు. కమీషన్ ఎంత, ఎవరిస్తారు అన్నది కాయ తూకానికి ముందే తేల్చుకుంటాం. మరి మనిషి దేశం దాటేటప్పుడు ఆ మాట అడగడానికి మొహమాటమెందుకు?

ఆ సాయంత్రం మా అబ్బాయిని కూర్చోబెట్టి, తెలిసినవాళ్ళని అడిగి కొన్ని సంగతులు తెలుసుకున్నాం. మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటిది లైసెన్సు. 1983 వలసల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటే విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలి. లేకుండా చేస్తే రెండేళ్ళ వరకు జైలు. "నేను ఫలానా ఏజెంటు తరఫు మనిషిని" అనే సబ్ ఏజెంటుకి చట్టంలో చోటే లేదు. ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. వదిన చెప్పిన పేరు అందులో లేదు.

రెండోది ఫీజు. లైసెన్సున్న ఏజెంటైనా మన దగ్గర 30,000 రూపాయలకి మించి తీసుకోకూడదు. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇచ్చి తీరాలి. లక్ష ఎక్కడ, ఇదెక్కడ!

మూడోది కాగితాలు. ఏజెంటుకి అసలు ఖాతాదారు అక్కడి యజమాని. ఎంతమంది కావాలి, జీతమెంత అన్నది యజమాని డిమాండ్ లెటర్‌లో రాసిస్తాడు. తన తరఫున మనుషుల్ని తీసుకోమని పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తాడు. అవి చూపించమని అడగండి. మన చేతికి వచ్చే ఒప్పందంలో జీతం, పని గంటలు, సెలవు, తిండి, వసతి, తిరుగు టిక్కెట్టు ఎవరిదో రాసి ఉండాలి. అర్థంకాని భాషలో ఉంటే చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివాళ్ళకి రోజుకి 12 గంటలకు మించని పని, వారానికో సెలవు ఇవ్వాలంటుంది. యజమాని పాస్‌పోర్టు దాచుకోకూడదు కూడా.

ఇంకో ముఖ్యమైన మాట. పదో తరగతి పాసవని ఆడవాళ్ళకి ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. 2016లో వచ్చిన నిబంధనతో గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి వాళ్ళని పంపడం ప్రభుత్వ సంస్థల పని. మన రాష్ట్రంలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు నిండకపోతే అనుమతి రాదు. "ముందు విజిట్ వీసా మీద వెళ్ళు, తర్వాత చూద్దాం" అన్నాడంటే ఈ తనిఖీలన్నీ తప్పించడానికే. అలా వెళ్ళినవాళ్ళకి జీతం ఎగ్గొట్టినా చూపించడానికి ఒప్పందం ఉండదు. సందేహముంటే 1800-11-3090కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

మర్నాడు వదిన ఆయన్ని ధైర్యంగా అడిగింది: "మీ లైసెన్సు నంబరు రాసివ్వండి, ఫీజుకి రసీదివ్వండి." రేపొస్తానని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

గొలుసు వదిన మెడలోనే ఉంది. అప్పూ అలాగే ఉంది, కాదనను. ఓంక్యాప్‌లో పేరు రాయించుకుని ఎదురుచూస్తోంది. ఆలస్యమైనా ఫరవాలేదు, వెళ్తే కాగితం చేత్తో పట్టుకునే వెళ్తానంటోంది.

మీ వీధిలోనూ ఇలాంటి వదినో, చెల్లెలో ఉంటే, గొలుసు తీసేలోపే ఈ నాలుగు మాటలూ చెప్పండి.