వేట ఫొటోలో ఏముంది, ఏం లేదు?

ఈ వ్యాసం పక్కన అంటించిన మూడు ఫొటోల్లో కుక్కలున్నాయి, కర్రలున్నాయి, గుడి ముందు కూడిన జనం ఉన్నారు. చచ్చిన కుందేలు లేదు. ఎవరి ముఖమూ ఆనవాలు దొరకదు. ఎందుకలా అని మన క్లాసులో ఇద్దరు ముగ్గురు అడిగారు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఈ వేట సంగతి కొంచెం తెలియాలి.

మదురై, కోయంబత్తూరు వైపు పల్లెల్లో సంక్రాంతి దాటాకో, అమ్మవారి పండుగకో మగవాళ్ళు కూడి కుందేళ్ళ వేటకు పోవడం పాత వాడుక. తమిళంలో 'ముయల్ వేట్టై' అంటారు. ఇది ఒక్క తెలుగువాళ్ళదే కాదు, తమిళ ఊళ్ళలోనూ ఉంది. తుపాకులుండవు. వరుసగా నిలబడి తుప్పలు కొడుతూ, కేకలు వేస్తూ, కుక్కలతో తరుముతారు. దొరికినది పంచుకుంటారు.

"తాతల నాటిది, ఇప్పుడెందుకు ఆపాలి?" అని పెద్దవాళ్ళు అడుగుతారు. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట ఉంది. ధూర్జటి తిన్నడు వేటగాడే. హంపీలో మహానవమి దిబ్బ రాళ్ళమీద వేట బొమ్మలు చెక్కారు. మదురైని ఏలిన నాయకులు ఆ విజయనగరం నీడలో పెరిగినవాళ్ళే. పైగా ఊరంతా ఒక్కచోట కలిసే రోజులు ఏడాదికి ఎన్ని ఉన్నాయి చెప్పండి?

చట్టం మాత్రం వేరే మాట చెబుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టడం, వల పన్నడం, తరమడం, వాటికి ప్రయత్నించడం కూడా వేటే. కాబట్టి "ఏమీ దొరకలేదు, ఊరికే తిరిగొచ్చాం" అన్నా తప్పించుకోలేరు.

"మరి జల్లికట్టు తిరిగి వచ్చింది కదా?" అంటారు. నిజమే. 2014లో సుప్రీంకోర్టు ఆపింది, 2017లో మెరీనా తీరంలో జనం కూడాక తమిళనాడు చట్టం సవరించింది, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణను సమర్థించింది. అయితే అక్కడ సవరించింది జంతువులపై క్రూరత్వాన్ని ఆపే 1960 నాటి చట్టాన్ని. ఎద్దు మనం పెంచుకున్నది. కుందేలు అడవి జంతువు, దానికి చట్టమే వేరు. ఇంకో తేడా కూడా ఉంది. వాడివాసల్ దాటిన ఎద్దు సాయంత్రానికి ఇంటికి వచ్చి కుడితి తాగాలనే దాన్ని పెంచినవాళ్ళు కోరుకుంటారు. వేటలో కుందేలు ఇంటికి రాకూడదనే అందరూ కోరుకుంటారు.

మన వైపు కుందేలుకు మెడ వెనుక నల్లమచ్చ ఉంటుంది. అది బొరియ తవ్వదు, గడ్డిలోనే పడుకుంటుంది. పిల్లలు కళ్ళు తెరుచుకుని, ఒంటినిండా బొచ్చుతో పుడతాయి. తల్లి వాటిని గడ్డిలోనే వదిలి మేతకు పోతుంది. తుప్పలు కొట్టుకుంటూ పోయే కుక్కకు తల్లి ఏది, పిల్ల ఏది అనే విచారణ ఉండదు.

ఇప్పుడు ఫొటోల సంగతి. ఇంగ్లండులో కుక్కలతో నక్కలను వేటాడడాన్ని 2004 చట్టం నిషేధించింది, 2005 ఫిబ్రవరి నుంచి అది అమలులో ఉంది. అయినా క్రిస్మస్ మర్నాడు ఎర్రకోట్లతో, గుర్రాలతో, కుక్కలతో జనం కూడుతూనే వచ్చారు. ముందుగా ఈడ్చి ఉంచిన వాసన జాడను కుక్కలు పసిగడుతూ పోతాయి, అంతే అన్నారు వాళ్ళు. అది ముసుగు మాత్రమే అని ఎదుటిపక్షం వాదించింది. చట్టానికి ముందు తీసిన ఫొటో, తరువాత తీసిన ఫొటో పక్కపక్కన పెడితే రెండూ ఒకేలా ఉంటాయి. నక్క చచ్చిందా లేదా అన్నది ఫొటో చెప్పదు.

మన ఊళ్ళోనూ అంతే. గుడి ముందు నిలబడ్డ ప్రతివాడూ తుప్పల్లోకి పోలేదు. కొందరు దణ్ణం పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయారు. ఫొటోకు ఆ తేడా తెలియదు, చూసేవాళ్ళకూ తెలియదు. అందుకే ముఖాలు తీయలేదు. ఇక చచ్చిన కుందేలును చెవులు పట్టుకుని ఎత్తి చూపించే ఫొటో ఒకటి ఫోనుల్లో తిరిగితే, వచ్చే ఏడు కుర్రాళ్ళు రెండు ఎత్తి చూపించాలనుకుంటారు. ఆ పోటీకి నా కెమెరా వద్దనుకున్నాను.

పండుగ మిగలాలంటే ప్రాణం పోవాల్సిందేనా? మన గుళ్ళలోనే జవాబుంది. కనుమ నాడు తిరుమలలో మలయప్పస్వామి పారువేట మండపానికి వస్తాడు. అర్చకులు స్వామి తరఫున పరుగెత్తి ఈటె విసురుతారు. ఏ జంతువూ చావదు. అహోబిలంలో నరసింహస్వామి అదే పారువేట పేరుతో దాదాపు 40 రోజులు ఊరూరా తిరుగుతాడు. తమిళనాడు గుళ్ళలోనూ 'పారివేట్టై' ఉంది. వాటిలో జనం కూడతారు, వాద్యాలు మోగుతాయి, దేవుడు ఊరు దాటి వస్తాడు. వేటలో మనవాళ్ళు నిజంగా ఇష్టపడేదంతా అక్కడుంది.

మన పల్లెల పెద్దలు కర్ర పట్టుకుని గుడి నుంచి ఊరి పొలిమేర దాకా నడిచి, అక్కడ ఒక్క ఈటె విసిరి వెనక్కి వస్తే చాలదా? ఆ రోజు అందరి ముఖాలూ తీసి, పేర్లతో సహా ఈ గోడమీద అంటిస్తాను.