సర్వో మోటారు ఎందుకు వణుకుతుంది?

సైన్స్ ఫెయిర్‌కు రైల్వే గేటో, రోబో చెయ్యో తయారుచేసే మన హాస్టల్ తమ్ముళ్లకు సర్వో మోటారు కొత్త కాదు. తీరా జడ్జీలు వచ్చేసరికి అది గజగజ వణకడం, బోర్డు దానంతటదే రీసెట్ కావడం కూడా కొత్త కాదు. ప్రోగ్రాంలో తప్పుందేమోనని రాత్రంతా వెతుకుతారు. చాలాసార్లు లోపం ప్రోగ్రాంలో కాదు, కరెంటు సరఫరాలో ఉంటుంది.

సర్వోలో చిన్న డీసీ మోటారు, గేర్లు, ఎంత తిరిగిందో చెప్పే పొటెన్షియోమీటరు, ఒక చిన్న సర్క్యూట్ ఉంటాయి. ఎస్‌జీ90 రకానికి గోధుమరంగు వైరు గ్రౌండ్, ఎరుపు పాజిటివ్, నారింజ సిగ్నల్. సిగ్నల్ వైరులో 20 మిల్లీసెకన్లకు ఒక పల్స్ పంపాలి. పల్స్ నిడివి 1.5 మిల్లీసెకన్లయితే ఇరుసు మధ్యలో నిలుస్తుంది. 1 వైపు తగ్గిస్తే ఒక పక్కకు, 2 వైపు పెంచితే రెండో పక్కకు తిరుగుతుంది. ఆర్డినోలో సర్వో లైబ్రరీ ఈ లెక్కంతా తానే చూసుకుంటుంది.

సిగ్నల్‌కు కావలసిన కరెంటు చాలా తక్కువ. ఆకలంతా మోటారుదే. 9 గ్రాముల ఎస్‌జీ90 కూడా బరువుకు తట్టుకోలేక ఆగిపోతే సుమారు 700 మిల్లీఆంపియర్లు లాగుతుంది. ఆర్డినో ఊనోలో యూఎస్‌బీ దారిలోని ఫ్యూజు 500 మిల్లీఆంపియర్లదే. రెండు సర్వోలు ఒకేసారి కదిలితే వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. 9 వోల్టుల చదరపు బ్యాటరీ కూడా పనికిరాదు. దానికి వోల్టేజి ఉంది కానీ అంత కరెంటు ఇచ్చే శక్తి లేదు.

మరి ఏం చేయాలి?

1. సర్వోకు కరెంటు వేరుగా ఇవ్వండి. నాలుగు రీచార్జబుల్ పెన్సిల్ సెల్స్ కలిస్తే 4.8 వోల్టులు. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసి ఉన్న పాత ఫోను ఛార్జరైనా సరే.

2. ఆ సరఫరా నెగెటివ్‌ను బోర్డు గ్రౌండ్‌తో తప్పక కలపండి. కలపకపోతే సిగ్నల్ సర్వోకు అర్థం కాదు.

3. సర్వో దగ్గర పాజిటివ్, నెగెటివ్‌ల మధ్య 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. తిరగేసి పెడితే పేలుతుంది, జాగ్రత్త.

4. చివరి కోణంలో సర్వో గుయ్యిమంటుంటే కోణం కొంచెం తగ్గించండి. లేకుంటే వేడెక్కి కాలిపోతుంది.

బోర్డు కాలిపోతే ఇంకొకటి కొనే స్తోమత మనలో చాలామందికి లేదు. అందుకే స్విచ్ వేసే ముందు వైర్లన్నీ పక్క మిత్రుడికి ఒకసారి చూపించండి. అది నామోషీ కాదు, మంచి ఇంజనీరుకు ఉండాల్సిన అలవాటు.